టైట్ ప్లేయర్ల మీద మీడియం పాకెట్ పెయిర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాకెట్ పెయిర్ అంటే చేతికి వచ్చిన రెండు ముక్కలూ ఒకే అంకెవి కావడం, టైట్ ప్లేయర్ అంటే మంచి ముక్కలొస్తే తప్ప ఆడనివాడు. ఇక్కడి లెక్కలన్నీ నో లిమిట్ హోల్డెమ్ పోకర్ క్యాష్ టేబుళ్లకి, అందరి దగ్గరా 100 బిగ్ బ్లైండ్ల స్టాక్ ఉందనుకుని వేసినవి. అలా కానిచోట అక్కడే చెప్పాను. బిగ్ బ్లైండ్‌ని ప్రతిసారీ పూర్తిగా రాయకుండా బీబీ అన్నాను. ఆట నియమాలు తెలిసినవాళ్ల కోసం రాసింది కాబట్టి ఫ్లాప్ అంటే ఏంటి, బ్లైండ్ అంటే ఏంటి అనే దగ్గర్నుంచి మొదలుపెట్టలేదు. ఇంకోమాట, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం చాలాచోట్ల చట్టవిరుద్ధం, మీరున్న చోట సంగతేంటో ముందు చూసుకోండి.

మీడియం అంటే కచ్చితంగా ఏ పెయిర్లు?

7-7, 8-8, 9-9, 10-10. కొందరు 6-6ని కూడా ఇందులోనే కలుపుతారు, కలిపినా పెద్ద తేడా ఏమీ రాదు. 5-5 నుంచి కిందికి ఉన్నవాటితో సెట్ (ఫ్లాప్‌లో అదే అంకె మూడో ముక్క) పడకపోతే చేయగలిగింది దాదాపు ఉండదు కాబట్టి తలనొప్పీ ఉండదు. క్వీన్‌లు, కింగ్‌లు వస్తే చాలాసార్లు ఏం చేయాలో వాటంతట అవే చెబుతాయి. ఈ నాలుగే ఇబ్బంది పెట్టేవి, పారేయడానికి మనసొప్పదు, చివరిదాకా నిలబడేంత బలమూ ఉండదు.

ఎదుటివాడు టైట్ అని ఎలా తెలుస్తుంది?

స్టాట్స్ చూపించే సాఫ్ట్‌వేర్‌ని సైట్ అనుమతిస్తే రెండు అంకెలు చూడండి: నూటికి ఎన్ని హ్యాండ్లలో తనంతట తాను పాట్‌లో డబ్బు పెడుతున్నాడు (వీపీఐపీ), ఎన్నిట్లో ఫ్లాప్‌కి ముందే రైజ్ చేస్తున్నాడు (పీఎఫ్ఆర్). తొమ్మిదిమంది టేబుల్ మీద మొదటి అంకె 12 లోపు ఉంటే వాడు నిట్, అంటే మరీ టైట్. ఆరుగురి టేబుల్ అయితే 18 లోపు ఉంటే చాలా టైట్ కిందే లెక్క. ఈ అంకె వంద హ్యాండ్లకే ఓ మాదిరిగా కుదురుకుంటుంది. త్రీబెట్ (ఒకరు రైజ్ చేశాక దాని మీద మళ్లీ రైజ్ చేయడం) శాతానికి మాత్రం కొన్ని వందల హ్యాండ్లు కావాలి, యాభై హ్యాండ్లు చూసి "వీడు త్రీబెట్ చెయ్యడు" అని తీర్పు ఇచ్చేయకండి.

సాఫ్ట్‌వేర్ లేకపోయినా పర్వాలేదు. రెండు మూడు రౌండ్లు గమనిస్తే తెలిసిపోతుంది. బటన్ మీద అందరూ ఫోల్డ్ చేసి తనదాకా వచ్చినా వదిలేస్తున్నాడా, బ్లైండ్లని కాపాడుకోకుండా ఇచ్చేస్తున్నాడా, షోడౌన్‌లో చూపించిన ముక్కలు ఎప్పుడూ పెద్దవేనా. షోడౌన్‌కి వచ్చిన ప్రతి హ్యాండ్‌నీ నోట్ రాసుకోండి, అందులో ఏ సీట్ నుంచి రైజ్ చేశాడో కూడా ఉండాలి. చాలామంది "నిట్" అని ఒక్కమాట రాసి ఊరుకుంటారు, తర్వాత అది ఎందుకూ పనికిరాదు.

టైట్ ప్లేయర్లందరూ ఒకేలా ఆడతారా?

లేదు. ఫ్లాప్‌కి ముందు ఏరుకుని ఆడటం ఇద్దరికీ ఒకటే, ఫ్లాప్ తర్వాత దారులు వేరు. ఒకడు మంచి ముక్కలతో వచ్చి గట్టిగా బెట్ కొడతాడు, ఏస్-కింగ్ తగలకపోయినా ఫ్లాప్ మీద ఒక బెట్ వేస్తాడు, అప్పుడప్పుడు టర్న్ మీద కూడా. రెండోవాడు ఓవర్‌పెయిర్ (ఫ్లాప్ ముక్కలన్నిటికన్నా పెద్ద పెయిర్) ఉన్నా భయపడుతూ చెక్ చేస్తాడు, అలాంటివాడు రైజ్ చేశాడంటే మాత్రం ఇంక ఆలోచించాల్సింది ఏమీ ఉండదు. మొదటివాడి ఫ్లాప్ బెట్‌ని ఒకసారి కాల్ చేసి చూడొచ్చు. రెండోవాడి బెట్ అంటే పిసినారి జేబులోంచి తీసిన నోటు, దాన్ని నమ్మండి.

వాడు ముందు సీట్ నుంచి 3 బీబీకి రైజ్ చేశాడు. నా దగ్గర 8-8 ఉంది, బటన్ మీద ఉన్నాను. ఏం చేయాలి?

కాల్ చేయండి.

త్రీబెట్ ఎందుకు వద్దంటే, త్రీబెట్ కొడితే మీకన్నా తక్కువవి వెళ్లిపోతాయి, ఎక్కువవి ఉండిపోతాయి. టైట్ ప్లేయర్ 7-7నీ ఏస్-క్వీన్‌నీ వదిలేసి, క్వీన్‌లతో, కింగ్‌లతో తిరిగి రైజ్ చేస్తాడు. అంటే పాట్‌ని పెంచి, ఎదురుగా ఉన్నది బలమైన ముక్కలే అయ్యేలా మీరే ఏర్పాటు చేసుకున్నారన్నమాట. పైగా తిరిగి రైజ్ వస్తే సెట్ కోసం ఫ్లాప్ చూసే అవకాశం కూడా పోతుంది.

ఫోల్డ్ కూడా తప్పే, ఎందుకో లెక్క చూద్దాం. ఫ్లాప్‌లో సెట్ గానీ అంతకన్నా మంచిది గానీ పడే అవకాశం నూటికి 11.8, అంటే సుమారు ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. ప్రతి కాల్‌కి 3 బీబీ పెడుతున్నారు. ఏడున్నర సార్లు పడకపోతే 22.5 బీబీ పోతుంది, పడిన ఆ ఒక్కసారి సగటున అంత తిరిగి రావాలి. పాట్‌లో వాడి 3, బ్లైండ్ల 1.5 ఎలాగూ ఉన్నాయి కాబట్టి, ఫ్లాప్ తర్వాత వాడి దగ్గర్నుంచి సగటున ఇంకో 18 బీబీ రాబట్టగలిగితే సెట్ కోసం మాత్రమే కాల్ చేసినా నష్టం లేదు. వెనక 97 బీబీ ఉంది, వాడి చేతిలో పెద్ద పెయిర్లు ఎక్కువ, అది కష్టమైన పని కాదు.

"స్టాక్ 15 రెట్లు ఉండాలి" అంటారు, అది ఏంటి?

కాల్ చేయడానికి ఎంత పెడుతున్నారో దానికి కనీసం 15 రెట్లు, ఇద్దరిలో తక్కువ స్టాక్ ఉన్నవాడి దగ్గర మిగిలి ఉండాలని. గణితం ప్రకారం ఏడున్నర రెట్లు చాలు కదా అనిపిస్తుంది, కానీ సెట్ పడిన ప్రతిసారీ వాడి స్టాక్ మొత్తం రాదు. వాడికి ఏమీ తగలక ఫోల్డ్ చేస్తాడు, కొన్నిసార్లు మీ సెట్ కూడా ఓడిపోతుంది. అందుకే రెట్టింపు.

నా ఉద్దేశంలో ఈ అంకె మనిషిని బట్టి, సీట్‌ని బట్టి మారాలి. ముందు సీట్ నుంచి వచ్చిన నిట్ రైజ్‌కి 12 రెట్లున్నా సరిపోతుంది, ఎందుకంటే వాడి దగ్గర వదులుకోలేని ముక్కలు ఉన్నాయి. అదే మనిషి బటన్ నుంచి రైజ్ చేస్తే కొంచెం బలహీనమైనవి కూడా కలుస్తాయి, ఫ్లాప్‌లో ఏమీ తగలకుండా ఉండే అవకాశం పెరుగుతుంది, అప్పుడు 20 రెట్లు అడగండి. 40 బీబీతో కూర్చున్నవాడి మీద సెట్ కోసం వేట అనవసరం.

సెట్ పడలేదు. ఫ్లాప్ 7-5-2, నా దగ్గర 9-9, వాడు బెట్ చేశాడు. నాది ఓవర్‌పెయిర్ కదా?

ఓవర్‌పెయిరే. కానీ చూడాల్సింది మీ ముక్కల్ని కాదు, వాడి దగ్గర ఏం ఉండొచ్చో ఆ లెక్కని. ఒక్కసారి పూర్తిగా లెక్కపెడదాం, దీనికి రెండు నిమిషాలు పడుతుంది, ఒకసారి అలవాటైతే టేబుల్ మీద సెకన్లలో అయిపోతుంది.

ఏ పెయిర్ అయినా ఆరు రకాలుగా రావచ్చు. ఏస్-కింగ్ పదహారు రకాలుగా, సూటెడ్ (రెండూ ఒకే గుర్తు) అయితే నాలుగు రకాలుగా. ముందు సీట్ నుంచి వాడు 7-7 నుంచి పైనున్న పెయిర్లు, ఏస్-కింగ్, సూటెడ్ ఏస్-క్వీన్, సూటెడ్ కింగ్-క్వీన్ ఆడతాడనుకోండి. ఫ్లాప్‌లో ఒక 7 పడింది కాబట్టి 7-7 ఇక మూడు రకాలే. ఇప్పుడు మిమ్మల్ని కొట్టేవి: 10-10 నుంచి ఏస్‌ల దాకా ఐదు పెయిర్లు, 30 రకాలు. 7-7 సెట్, 3. మొత్తం 33. మీరు కొట్టేవి: 8-8 ఆరు, ఏస్-కింగ్ 16, ఏస్-క్వీన్ 4, కింగ్-క్వీన్ 4. మొత్తం 30. చూడటానికి ఇంత అందంగా ఉన్న ఫ్లాప్ మీద కూడా మీరు సగం కన్నా కాస్త కిందే ఉన్నారు.

అయినా ఫ్లాప్ మీద కాల్ చేయాలి. ఎందుకంటే బెట్ మామూలుగా పాట్‌లో సగమో మూడింట రెండొంతులో ఉంటుంది, ఆ ధరకి దాదాపు సగం సార్లు ముందున్నవాడు ఫోల్డ్ చేయకూడదు. అసలు పరీక్ష టర్న్ మీద. ఏ సంబంధమూ లేని 3 పడి, వాడు మళ్లీ గట్టిగా బెట్ చేస్తే, టైట్ ప్లేయర్ చేతిలో ఏస్-కింగ్, ఏస్-క్వీన్, కింగ్-క్వీన్ చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. 30లో 24 వెళ్లిపోయాయి. మిగిలింది 8-8 ఒక్కటే, దానితో కూడా చాలామంది రెండో బెట్ వేయరు. అటు 33 మాత్రం అలాగే ఉన్నాయి. ఇక్కడ ఫోల్డ్ చేయడానికి ధైర్యం అక్కర్లేదు, కూడిక వస్తే చాలు.

ఒకసారి కాల్, రెండోసారి ఫోల్డ్. గట్టిగా బెట్ కొట్టే టైట్ ప్లేయర్ మీద, పైన ముక్క పడని ఫ్లాప్‌కి మామూలుగా చేయాల్సింది ఇదే. ఏస్-కింగ్ తగలకపోయినా రెండు మూడు బెట్టింగ్ రౌండ్లు బెట్ కొట్టేవాడని నోట్స్‌లో ఉంటే అప్పుడు లెక్క వేరు, కానీ అలాంటివాడిని టైట్ అనడం కూడా సగమే నిజం.

ఫ్లాప్‌లో ఏస్ పడితే?

బెట్ వస్తే ఫోల్డ్. అదే 9-9, అదే మనిషి, ఫ్లాప్ ఏస్-8-3 అనుకోండి. 10-10 నుంచి కింగ్‌ల దాకా 24, ఏస్‌లు 3, ఏస్-కింగ్ 12, ఏస్-క్వీన్ 3, 8-8 సెట్ 3. మొత్తం 45 మీ కన్నా పైన. మీరు కొట్టేవి 7-7, కింగ్-క్వీన్ కలిపి 10. ఇంకేం మాట్లాడాలి.

పైన ముక్కలు పడటం అంత ఎక్కువగా జరుగుతుందా, లేక నాకే అలా అనిపిస్తోందా?

ఎక్కువగానే జరుగుతుంది. ఫ్లాప్‌లో మీ పెయిర్ కన్నా పెద్ద ముక్క కనీసం ఒకటి పడే అవకాశం 10-10కి నూటికి దాదాపు 70, 9-9కి 79, 8-8కి 87, 7-7కి 92. అంటే 7-7తో "చూద్దాం, పైనేమీ పడకపోతే బెట్ కొడదాం" అనే ప్లాన్ పన్నెండు పదమూడుసార్లకి ఒకసారి పనికొస్తుంది. పోల్చి చూసుకోవడానికి, జాక్‌లకి ఇది 57.

ఇక్కడే 10-10కీ 7-7కీ తేడా ఉంది. రెండూ మీడియమే అంటున్నాం గానీ, 10-10తో మూడింట ఒకవంతు ఫ్లాప్‌లు మీవైపు ఉంటాయి. 7-7 నిజానికి కాస్త మర్యాదగా కనిపించే చిన్న పెయిర్.

ఫ్లాప్‌లో వాడు చెక్ చేశాడు. ఇప్పుడు?

అసలు డబ్బు ఇక్కడే ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. టైట్ ప్లేయర్ రైజ్ చేసి వచ్చి, ఫ్లాప్ మీద చెక్ చేశాడంటే ఎక్కువసార్లు వాడి చేతిలో ఏమీ లేదు. ఏస్-కింగ్ ఫ్లాప్‌లో పెయిర్ కట్టేది మూడుసార్లకి ఒకసారే, మిగతా రెండుసార్లూ వట్టి ముక్కలే. వాటికి ఉచితంగా టర్న్ చూపించకండి. పాట్‌లో మూడోవంతు బెట్ వేస్తే, వాడు నాలుగింట ఒకసారి ఫోల్డ్ చేసినా ఆ బెట్ ఖర్చు తిరిగొచ్చేస్తుంది, అదీ మీ చేతిలో ఏమీ లేదని అనుకున్నా సరే. టైట్ ప్లేయర్లు అంతకన్నా చాలా ఎక్కువే ఫోల్డ్ చేస్తారు.

ఏస్ పడిన ఫ్లాప్ మీద చెక్ వస్తే కొంచెం జాగ్రత్త. అక్కడ చెక్ చేసేవాడి దగ్గర కింగ్‌లో, క్వీన్‌లో ఉండొచ్చు, అవి మీ చిన్న బెట్‌ని ఒకసారి కాల్ చేస్తాయి. నేనైతే అలాంటిచోట తిరిగి చెక్ చేసి, టర్న్ మీద కూడా వాడు చెక్ చేస్తే అప్పుడు చిన్న బెట్ వేస్తాను. రెండుసార్లు చెక్ చేసి మూడోసారి కాల్ చేసే నిట్ అరుదు.

సెట్ పడింది! నెమ్మదిగా ఆడి వాడిని లోపలికి లాగాలా?

వద్దు. ఎనిమిదిన్నరసార్లు ఎదురుచూసి వచ్చిన సెట్‌తో పాట్ చిన్నగా ఉండిపోతే, అప్పటిదాకా పెట్టిన కాల్స్ అన్నీ వృథా.

అంకెల్లో చూడండి. వాడు 3 బీబీ, మీరు 3 బీబీ, బ్లైండ్లు 1.5, పాట్ 7.5. వాడు ఫ్లాప్‌లో 5 బెట్ వేశాడు. మీరు కేవలం కాల్ చేస్తూ పోతే: ఫ్లాప్ తర్వాత పాట్ 17.5, టర్న్‌లో వాడు 12 వేస్తే 41.5, రివర్‌లో వాడు భయపడి చెక్ చేస్తే మీరు 30 వేస్తారు. కాల్ వచ్చినా వాడి దగ్గర ఇంకా సగం స్టాక్ మిగిలిపోయింది. అదే ఫ్లాప్‌లో 15కి రైజ్ చేస్తే, కాల్ వచ్చాక పాట్ 37.5. టర్న్‌లో 27 వేస్తే 91.5. మిగిలింది 55, అది రివర్‌లో మామూలు బెట్ సైజులోనే లోపలికి వెళ్లిపోతుంది. వాడి కింగ్‌లకి ఏ మలుపులోనూ "ఇది మరీ ఎక్కువ" అనిపించదు, ప్రతి అడుగూ సహజంగానే ఉంటుంది.

ఒక మినహాయింపు ఉంది. ఫ్లాప్ పూర్తిగా పొడిగా ఉండి, అంటే కింగ్-8-3 మూడు వేర్వేరు గుర్తులతో ఉండి, ఎదురుగా ఉన్నది ప్రతి రైజ్‌కీ వణికిపోయే మనిషైతే, ఫ్లాప్‌లో కాల్ చేసి టర్న్‌లో రైజ్ చేయండి. టర్న్‌లో రెండో బెట్ కూడా వేశాక వాడికి పాట్ మీద మమకారం పెరుగుతుంది. అదే 9-8-6లో రెండు ముక్కలు ఒకే గుర్తువైతే వెంటనే రైజ్, అక్కడ ఆగితే టర్న్‌లో పడే ఏదో ఒక ముక్క వాడిని భయపెట్టేస్తుంది, లేదా మిమ్మల్ని ఓడిస్తుంది.

వాడికి ఇంకా పెద్ద సెట్ ఉంటే?

ఉంటే స్టాక్ పోతుంది, అంతే. ఇద్దరి చేతిలోనూ పెయిర్లు ఉన్నప్పుడు కూడా ఇద్దరికీ ఒకే ఫ్లాప్‌లో సెట్ పడటం సుమారు నూటికి ఒకసారి. కింగ్-8-3 ఫ్లాప్ మీద 8-8 పట్టుకుని ఫోల్డ్ చేసే దారి వెతకడం మంచి అలవాటు కాదు: అక్కడ కింగ్‌లు మూడు రకాలుగా ఉంటే, ఏస్‌లు ఆరు, ఏస్-కింగ్ పన్నెండు.

నేనే రైజ్ చేశాను, టైట్ ప్లేయర్ కాల్ చేశాడు. ఇప్పుడు వాడి దగ్గర ఏముంటుంది?

ఇది పూర్తిగా వేరే బొమ్మ. పెద్ద పెయిర్లుంటే వాడు త్రీబెట్ చేసేవాడు, కాబట్టి కాల్‌లో ఎక్కువగా ఉండేవి జాక్‌ల దాకా ఉన్న పెయిర్లు, ఏస్-క్వీన్, సూటెడ్ ఏస్-జాక్, కింగ్-క్వీన్ లాంటివి. ఇప్పుడు మీ 9-9 నిజంగానే చాలాసార్లు ముందుంటుంది. పైన ముక్క లేని ఫ్లాప్‌లో నిస్సందేహంగా బెట్ వేయండి, 8-8, 6-6 లాంటివి ఒకటి రెండుసార్లు కాల్ చేస్తాయి.

ఏస్ పడితే? ఒక చిన్న బెట్ చాలు, లేదా చెక్. వాడి చేతిలో ఏస్-క్వీన్ ఉంటే కదలడు, చిన్న పెయిర్లుంటే వాడూ మీలాగే భయపడి వెళ్లిపోతాడు. ఒకసారి కాల్ వచ్చిందంటే ఇక పాట్‌లో పైసా పెట్టనక్కర్లేదు, చెక్ చేస్తూ షోడౌన్‌కి వెళ్లగలిగితే వెళ్లండి. రైజ్ వచ్చిందా, వదిలేయండి.

రైజ్ చేశాక వాడు త్రీబెట్ కొట్టాడు.

చాలా టైట్ ప్లేయర్ త్రీబెట్ అంటే క్వీన్‌లు, కింగ్‌లు, ఏస్‌లు, ఏస్-కింగ్. మొత్తం 34 రకాలు, అందులో 18 మీ పెయిర్‌ని తొక్కేసేవి. మొత్తం 1326 హ్యాండ్లలో ఇది నూటికి రెండున్నర చిల్లర, స్టాట్స్‌లో త్రీబెట్ 2, 3 అని కనిపించేది ఇదే.

ఫోర్‌బెట్ (త్రీబెట్ మీద మళ్లీ రైజ్), ఆలిన్ (స్టాక్ మొత్తం పెట్టేయడం) అనే ఆలోచనే వద్దు. ఈ రేంజ్ (వాడి దగ్గర ఉండగల ముక్కలన్నీ కలిపి) మీద 9-9 గెలిచేది నూటికి సుమారు 36. ఏస్-కింగ్ మీద కాస్త ముందుంటారు, నూటికి 54, 55 దగ్గర, పెద్ద పెయిర్ల మీద 19 మాత్రమే. "ఏస్-కింగ్ అయ్యుండొచ్చు కదా" అనే ఆశ ఖరీదైనది.

కాల్ సంగతి ధర మీద ఆధారపడుతుంది. మీరు 2.5 బీబీకి రైజ్ చేశారు, వాడు 8కి పెంచాడు, మీరు ఇంకో 5.5 వేయాలి, వెనక 92 ఉంది. దాదాపు 17 రెట్లు. వాడి తర్వాత ఆడే అవకాశం మీదైతే కాల్ చేసి సెట్ కోసం చూడొచ్చు, పడకపోతే బెట్‌కి వదిలేయాలన్న నిబంధనతో. వాడు 11కి పెంచితే, లేదా మీరే ముందు ఆడాల్సి వస్తే ఫోల్డ్. ఇద్దరి దగ్గరా 200 బీబీ ఉంటే ఏ పెయిర్‌తో అయినా కాల్, అలాంటి సందర్భం వస్తే పండగే.

నేను బిగ్ బ్లైండ్‌లో ఉన్నాను.

వాడు 2.5కి రైజ్ చేస్తే మీరు వేయాల్సింది 1.5 మాత్రమే, పాట్‌లో ఇప్పటికే 4 ఉంది. ఈ ధరకి ఏ పాకెట్ పెయిర్‌నీ వదలొద్దు. కాకపోతే ప్రతి బెట్టింగ్ రౌండ్‌లోనూ ముందు మీరే ఆడాలి కాబట్టి, వాడు చెక్ చేసినప్పుడు పాట్ లాక్కునే సదుపాయం తగ్గుతుంది. ఫ్లాప్ చెక్, కాల్, టర్న్ చెక్, ఫోల్డ్ అని ముందే అనుకుని కూర్చుంటే టెన్షన్ ఉండదు. స్మాల్ బ్లైండ్ నుంచి కాల్ చేయడం నాకు అంత నచ్చదు, కానీ రైజ్ చేసింది ముందు సీట్ నిట్ అయితే అదీ సరే.

ఇద్దరు ముగ్గురు కాల్ చేసి పాట్ పెద్దదైతే?

సెట్ విలువ పెరుగుతుంది, వట్టి పెయిర్ విలువ పడిపోతుంది. ముగ్గురు నలుగురున్న పాట్‌లో 7-5-2 మీద 9-9తో ఒక కాల్ కూడా ఆలోచించి వేయాల్సిందే, వెనక ఇంకెవరైనా ఆడాల్సి ఉంటే మరీ.

మీడియం పెయిర్‌తో బ్లఫ్ చేయొచ్చా? టైట్ వాళ్లు ఫోల్డ్ చేస్తారంటారు కదా.

ఫోల్డ్ చేస్తారు నిజమే, కానీ ఫ్లాప్‌కి ముందూ, ఏమీ తగలనప్పుడూ. కింగ్‌లు పట్టుకుని 7-5-2 ఫ్లాప్ మీద ఒక్క రైజ్‌కే పారేసే మనిషి చాలా తక్కువ. ఆ కింగ్‌ల కోసం వాడు గంట నుంచి ఫోల్డ్ చేస్తూ కూర్చున్నాడు.

నాకు నచ్చే చోటు ఒకటుంది. 9-9తో ఫ్లాప్ 8-7-6. ఇక్కడ 10 పడినా, 5 పడినా స్ట్రెయిట్, ఇంకో 9 పడితే సెట్. మొత్తం పది ముక్కలు, వాడి దగ్గర కింగ్‌లో ఏస్‌లో ఉన్నా రివర్ దాకా వెళితే నూటికి 40 దగ్గర మీరే గెలుస్తారు. ఏస్-కింగ్ ఉంటే ఎలాగూ ముందున్నారు. పైగా ఈ ఫ్లాప్ కాల్ చేసినవాడికి బాగా తగిలేది అని వాడికీ తెలుసు, ఓవర్‌పెయిర్‌తో కూడా ఇబ్బంది పడతాడు. ఇలాంటిచోట రైజ్ చేయండి, టర్న్‌లోనూ కొనసాగించండి. మిగతా చోట్ల మీ పెయిర్‌కి ఉన్న షోడౌన్ విలువని బ్లఫ్ చేసి పాడుచేసుకోవద్దు.

ఇలా ఎప్పుడూ టర్న్‌లో ఫోల్డ్ చేస్తుంటే కనిపెట్టి నన్ను తోసేయరా?

తోసేసేవాడు టైట్ ప్లేయర్ కాడు. ఈ పద్ధతి ఒక్క రకం మనిషి కోసం, అందరికీ ఇదే వాడితే మాత్రం నిజంగానే తోసేస్తారు. వాడి అంకెలు మారుతున్నాయనిపిస్తే, ఒకసారి టర్న్ బెట్ తర్వాత ఏస్-హై చూపించాడనిపిస్తే, అప్పుడు మార్చుకోండి.

టోర్నమెంట్లలో కూడా ఇంతేనా?

కాదు, దాదాపు తిరగబడుతుంది. 20, 25 బీబీ స్టాక్ ఉన్నప్పుడు సెట్ కోసం కాల్ అనేదే ఉండదు. వాడు 2.2 బీబీకి రైజ్ చేస్తే, 20 బీబీలో మిగిలేది తొమ్మిది రెట్లు కూడా కాదు.

10 బీబీతో ఉండి ముందు ఎవరూ రైజ్ చేయకపోతే 7-7 నుంచి పైవన్నీ నేరుగా ఆలిన్. వెనక ఉన్నది టైట్ ప్లేయర్లైతే ఇంకా మంచిది, మనీ బబుల్ (బహుమతి డబ్బు మొదలయ్యే ముందు దశ) దగ్గర పడినకొద్దీ వాళ్లు ఇంకా బిగుసుకుపోతారు.

కానీ నిట్ ముందు సీట్ నుంచి రైజ్ చేసినప్పుడు, 18 బీబీతో 8-8 మీద తిరిగి ఆలిన్ కొట్టడం చాలామంది చేసేదే, అది నష్టం. పైన ముందు సీట్‌కి రాసిన అదే రేంజ్ తీసుకోండి, ఫ్లాప్‌కి ముందు, మీ చేతిలోని 8-8 తీసేసి లెక్కపెడితే 67 రకాలు, అందులో 10-10 పైవి, ఏస్-కింగ్ కలిపి 46తో వాడు కాల్ చేస్తాడు. అంటే దాదాపు పదికి ఏడుసార్లు. కాల్ వచ్చినప్పుడు మీరు గెలిచేది నూటికి 31 దగ్గర. పాట్‌లో ఉన్న నాలుగైదు బీబీల కోసం అంత ధర పెట్టకండి, ఫోల్డ్ చేసి ఇంకో రౌండ్ చూడండి. అదే నిట్ బటన్ నుంచి బ్లైండ్లు దొంగిలించడానికి రైజ్ చేస్తే అప్పుడు ఆలిన్ బాగుంటుంది, కాకపోతే అలా దొంగిలించే నిట్‌లు తక్కువ.

ఫోల్డ్ నొక్కగానే కొత్త టేబుల్‌కి మార్చేసే ఫాస్ట్ టేబుళ్లలో ఎవరు టైట్ అని ఎలా తెలుస్తుంది?

ఎవరి గురించీ పెద్దగా తెలియదు, కానీ ఆ టేబుళ్లలో మొత్తంగానే జనం టైట్‌గా ఆడతారు, ఫోల్డ్ చేస్తే వెంటనే కొత్త ముక్కలు వస్తాయి కాబట్టి చెత్తతో ఆడే అవసరం ఎవరికీ ఉండదు. తెలియని మనిషి ముందు సీట్ రైజ్‌ని అక్కడ టైట్ రైజ్ అనుకునే ఆడండి.

రేక్ వల్ల ఈ లెక్కలు మారతాయా?

చిన్న టేబుళ్లలో కాస్త మారతాయి. పాట్‌లోంచి సైట్ తీసుకునే వాటా అక్కడ బీబీల్లో చూస్తే ఎక్కువ. సరిగ్గా అంచుమీద ఉన్న కాల్స్, ఉదాహరణకి త్రీబెట్‌కి 14, 15 రెట్లతో వేసే కాల్, అక్కడ నష్టంలోకి జారతాయి. చాలా సైట్లలో ఫ్లాప్ చూడకుండా ముగిసిన పాట్ మీద రేక్ ఉండదు, అందుకే టైట్ బ్లైండ్ల మీద మీడియం పెయిర్‌తో మీరే ముందు రైజ్ చేసి తీసుకునే ఆ 1.5 బీబీ చాలా శుభ్రమైన డబ్బు.

ఇరవైసార్లు కాల్ చేశాను, ఒక్క సెట్ కూడా పడలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఏమైనా మోసం ఉందా?

వరుసగా ఇరవైసార్లు పడకపోవడం నూటికి ఎనిమిదిసార్లు జరుగుతుంది, మామూలు పేకతో ఆడినా సరే. పదిసార్లు పడకపోవడమైతే నూటికి 28, 29. ఆన్‌లైన్‌లో గంటకి ఎన్నో రెట్లు ఎక్కువ హ్యాండ్లు వస్తాయి కాబట్టి ఇలాంటి వరుసలు తొందరగా కళ్లబడతాయి. దీనికన్నా మీ హ్యాండ్ హిస్టరీ తెరిచి, సెట్ పడని ఆ ఇరవైలో ఒక్కోదానికి ఫ్లాప్ తర్వాత ఎంత పోయిందో చూడండి. ఫ్లాప్‌కి ముందు పెట్టిన 3 బీబీ కాకుండా సగటున ఇంకో ఏడెనిమిది బీబీ పోతుంటే, సమస్య సెట్ పడకపోవడం కాదు, టర్న్ మీద నొక్కని ఫోల్డ్ బటన్.

వాడు ఆలోచించకుండా వెంటనే బెట్ చేస్తే బలహీనత అనుకోవాలా?

దాని మీద డబ్బు పెట్టకండి. నాలుగైదు టేబుళ్లు ఒకేసారి ఆడేవాడి టైమింగ్ పక్క టేబుల్‌ని బట్టి ఉంటుంది. ఒక్కటి మాత్రం గమనించదగ్గది, టైట్ ప్లేయర్ టైమ్ బ్యాంక్ (ఆలోచించడానికి సైట్ ఇచ్చే అదనపు సమయం) చాలాసేపు వాడుకుని రివర్‌లో రైజ్ చేశాడంటే అది ఆలోచన కాదు, ఎంత పెడితే మీరు కాల్ చేస్తారా అని వేసుకుంటున్న లెక్క.